పీర్లు ఏటికి పోని ఏడాది

పెదరేవు, నైజాం ఇలాకా
20 అక్టోబరు 1947

జ్ఞానక్కకు,

అందరం బాగున్నామని నాలుగు ముక్కలు రాసి పంపిద్దామని కూచున్నా. నీకు అబద్ధం రాయడం నాకెప్పుడు చేతనయింది గనక? భయంగా ఉందక్కా. పొద్దున లేచి తలుపు గడియ తియ్యాలన్నా భయంగానే ఉంటంది.

మీ ఒడ్డున ఆగస్టులో జెండాలు కట్టి బెల్లం పంచారంటగా, ఏరు దాటించే పుట్టి అంకయ్య చెప్పాడు. మధ్యలో ఉన్నది ఒక్క కృష్ణే. మా ఒడ్డున ఇంకా నవాబు గారి రాజ్యమే. పోయిన నెలలో రేవు పక్కన సుంకం నాకాలో ఖాకీ గుడ్డల వాళ్ళు ఇరవై మంది దిగారు. వాళ్ళ పెద్దను సాలారు అంటారు. మనిషి నెమ్మదిగా మాట్లాడతాడు, నాకు ఆ నెమ్మదే ఎక్కువ భయం. మా సాయిబుల ఇళ్ళల్లో ఇంటికొక మగాణ్ణి ఖాకీ వేసుకోమన్నాడు. మా ఆయనకూ ఒక జత ఇచ్చి పోయాడు. దస్తగిరి సంగతి నీకు తెలుసుగా, "చొక్కా బిగుతుగా ఉంది, నాకు పట్టదు" అని దాన్ని దూలం మీద పడేశాడు. ఎన్నాళ్ళని ఆ మాట చెప్తాడు?

ఊరు ఒక్క రోజులో చీలిపోలా. మొదట బావి కాడ మాటలు తగ్గినయ్. నన్ను "కోడలా" అని పిలిచే ఆడోళ్ళు ఇప్పుడు చేద లాక్కుని తల దించుకుని పోతన్నారు. తర్వాత మంగలి మా వాళ్ళకొక రోజు, వాళ్ళకొక రోజు పెట్టాడు. ఎవరు పెట్టమన్నారయ్యా అంటే, "ఎవరూ పెట్టమనలేదమ్మా, నాకే భయమేసింది" అన్నాడు.

ఇప్పుడు పీర్ల పండగ వస్తంది. మా ఆయన వాళ్ళ తాతల నుంచీ పీర్ల సావిడి చూసుకునే ముజావర్లు, పెద్ద పీరు ఎత్తేది మా ఇంటివాళ్ళే. కాశిం పీరు ఎత్తేది బ్రహ్మయ్య మామ ఇంటివాళ్ళు. నాలుగు తరాల నుంచీ అంతే. మా అత్త హజ్రా బీకి బ్రహ్మయ్య మామ తమ్ముడి లెక్క. ఈ ఏడు సాలారు, హిందువులు పీరు ముట్టుకోవడానికి లేదన్నాడు. అటు ఏరు దాటొచ్చిన, నవాబు మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు, పీర్ల కాడికి పోయినోడు నవాబు తొత్తు అని బ్రహ్మయ్య మామ కొడుకులకు చెప్పిపోయారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని వాళ్ళకు ఈ ఒక్క మాట మీద మాత్రం భలే కుదిరింది.

టపాలో వేస్తే నాకాలో విప్పి చదువుతున్నారు. అందుకని అంకయ్య చేతికిస్తున్నా. నువ్వూ అతని చేతికే ఇవ్వు.

నీ
హమీదా


గురజాల
2 నవంబరు 1947

ఏమే హమీదా,

నీ ఉత్తరం చదివి నీ మీదే కోపమొచ్చింది. భయంగా ఉందని మూడుసార్లు రాశావు, వస్తానని ఒక్కసారీ రాయలా. మిషను బడిలో నా పక్కన కూచుని నా పలక మీద లెక్కలు దించుకున్నదానివి, ఇప్పుడు నా ఇంటికి రావడానికి పిలుపు కావాలా? ఆయన్నీ, హజ్రా బీ అత్తనూ తీసుకుని అంకయ్య పుట్టిలో ఎక్కెయ్. మా అమ్మ వసారాలో పడుకుంటది, మీకు గది ఇస్తాం.

మా బడి వరండాలో ఇప్పుడు మీ వైపు నుంచి వచ్చినోళ్ళు తొమ్మిది సంసారాలు ఉన్నారు. మూడు రాళ్ళు పెట్టుకుని అక్కడే వండుకుంటన్నారు. పొగకు నా మూడో తరగతి పిల్లలు దగ్గుతా ఎక్కాలు చెప్తన్నారు. ఎట్టా మొదలయిందమ్మా అని ఒక్కొక్కళ్ళనూ అడిగా. ఒకామె, గొడ్డు చేలో పడినందుకు అంది. ఒకాయన, దణ్ణం పెడితే తిరిగి పెట్టలేదు కాబట్టి అన్నాడు. ఇంకొకాయన చానాసేపు ఆలోచించి, గుర్తు లేదు తల్లీ, ఇల్లు మాత్రం కాలింది అన్నాడు. పిల్లల ముందు నవ్వు మొహం పెట్టుకుని పాఠం చెప్పి, ఇంటికొచ్చి ఏడిచా.

మా తమ్ముడు ఇశ్రాయేలు బాగున్నాడు. లారీ పని వదిలేశాడు. ఏదో పని మీద మాచవరం వైపు తిరుగుతున్నాడు, వారానికొకసారి ఇంటికొచ్చి తిని పోతాడు. నీ పెళ్ళిలో పందిట్లో లైట్లు మోసింది వాడేగా, దస్తగిరి అన్నను ఇప్పటికీ అడుగుతా ఉంటాడు. ఏట్లో వాడికి ఈత నేర్పింది ఆయనేనని అందరికీ చెప్పుకుంటాడు.

పీర్ల సంగతి మీ ఆయనకు వదిలెయ్. ఆ మొండితనం ముందు సాలారు ఎంత! నువ్వు మాత్రం మూట కట్టుకుని ఉండు. దేవుడు మీ గడపను కాపాడాలని ప్రతి పూటా అడుగుతున్నా.

మీ అక్క
జ్ఞానమ్మ


పెదరేవు
17 నవంబరు 1947

అక్కా, జ్ఞానక్కా!

మూట విప్పేశా! కోప్పడమాక, మంచి కబురే. నెలపొడుపు చూశాం, పీర్లను సావిడిలో నిలబెట్టాం, ఊరు మళ్ళీ ఊరులాగా ఉంది.

మా ఆయన చేసిన పని విను. నాకాకు పోయి సాలారు ముందు కింద కూచున్నాడంట. "కాశిం పీరు బ్రహ్మయ్య మామ ఎత్తకపోతే పెద్ద పీరు నేనూ ఎత్తను. పీర్లు లేవని ఊళ్ళో వానలు పడవని ముసలోళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు, ఆలోచించుకోండి" అన్నాడంట. అట్టాగే రెండు రోజులు పోయి కూచున్నాడు. మూడో రోజు సాలారే, సరే పొమ్మన్నాడు. తర్వాత బ్రహ్మయ్య మామ ఇంటికి పోయాడు. పెద్ద కొడుకు తలుపు తియ్యలేదు. ముసలాయనే బయటికొచ్చి, "నా ప్రాణం ఉన్నంతవరకూ కాశిం పీరు నా భుజం మీదే" అన్నాడు.

ఒప్పందం ఏందంటే, పదో రోజు పీర్లు ఏటికి పోయేటప్పుడు ఎవరూ ఆయుధం తేగూడదు. కత్తి గానీ, కర్ర గానీ, తుపాకి గానీ ఏదీ. చెప్పులు కూడా ఉండకూడదు. ఖాకీ వాళ్ళు కూడా తుపాకులు నాకాలో పెట్టి తాళం వేసి, వట్టి చేతుల్తో వస్తారు. సాలారు చేతా, బ్రహ్మయ్య మామ కొడుకుల చేతా మా ఆయన సావిడి గడప ముట్టించి ఒట్టు వేయించాడు. ఖాకీ వాళ్ళు ఇరవై, మా ఊళ్ళో ఖాకీ వేసుకున్నవాళ్ళు ఇంకో ఇరవై, అందరూ పీర్ల వెనకే నడుస్తారు. పొద్దు వాలే లోపల మలుపు కాడ, మీ ఒడ్డుకు ఎదురుగా తుంగ ఉందే, అక్కడ పీర్లకు స్నానం.

మా అత్త నాలుగేళ్ళ తర్వాత పాట ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది గానీ పాడింది. నా కంటే ఎవరన్నా సంతోషంగా ఉన్నారేమో చూపించు!

నీ
హమీదా


గురజాల
21 నవంబరు 1947

హమీదా,

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి. ఎవరికీ చూపించమాక.

పదో రోజు మీ వాళ్ళెవర్నీ ఏటికి పోనివ్వమాక. మా ఒడ్డున క్యాంపు ఉంది. మీ వైపు నుంచి వచ్చిన మగోళ్ళూ, మా వైపు కుర్రాళ్ళూ కలిసి పెట్టుకున్నది. వాళ్ళ దగ్గర తుపాకులున్నయ్. ఆ రోజు ఖాకీ వాళ్ళు వట్టి చేతుల్తో వస్తారని వాళ్ళకు తెలిసింది. ఎవరో చెప్పారు. అంకయ్యకున్న మూడు పుట్టులూ ఆ రోజుకు కావాలని అడిగారంట, పెళ్ళివారికేమో అనుకున్నాడు పాపం. ముందే దాటొచ్చి తుంగలో కూచుంటారు.

ఇంకొకటి నీ దగ్గర దాచా. ఇశ్రాయేలు ఆ క్యాంపులోనే ఉన్నాడు. నిన్న వాడి కాళ్ళు పట్టుకున్నా. పీర్ల వెనక పిల్లలుంటార్రా, ఆడోళ్ళుంటార్రా అన్నా. "ఖాకీ వాళ్ళనే కొడతాం" అన్నాడు. ముందు నడిచేది దస్తగిరి అన్న కదరా అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాలారుకు తెలిస్తే నా తమ్ముడు ఆ తుంగలోనే పోతాడు. తెలియకపోతే మీ ఆయన పోతాడు. నేను ఏం చెయ్యమని నీకు చెప్పగలను? నాకు వేరే దిక్కు లేక నీ నెత్తిన పెడుతున్నా. ఇద్దర్నీ బతికించు తల్లీ. ఎట్టాగో నాకు తెలీదు.

జ్ఞానమ్మ


పెదరేవు
30 నవంబరు 1947

అక్కా,

ఇద్దరూ బతికే ఉన్నారు. ముందు ఆ మాట చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం తొమ్మిదో రోజు పొద్దున అందింది. పీర్లకు పెట్టే మలీదకు రొట్టెలు దంచుతా ఉన్నా. చదివి పొయ్యిలో వేసి, మళ్ళీ దంచుతా కూచున్నా. ఆయనతో చెప్తే ఆయన సాలారుతో చెప్తాడు. చెప్పకుండా ఉండలేడు, వాళ్ళను వట్టి చేతుల్తో రమ్మని ఒట్టు వేయించింది ఆయనే. సాలారు తుపాకులు ముందే ఏటికి పంపిస్తాడు, మీ ఇశ్రాయేలు తిరిగి రాడు. చెప్పకపోతే పెద్ద పీరుతో మా ఆయన ముందు నడుస్తాడు. జ్వరమని పడుకోబెడితే మా మరిది ఎత్తుతాడు. ఎవరో ఒకరు ఎత్తనే ఎత్తుతారు. పీర్లే లేవకూడదు. ఎంత ఆలోచించినా అంతకు మించి దారి కనపళ్ళా.

పదో రోజు మధ్యాహ్నం సావిడి ముందు ఊరంతా ఉంది. చెప్పుల్లేకుండా, తుపాకుల్లేకుండా నిలబడితే ఆ ఖాకీ వాళ్ళు మామూలు మనుషుల్లాగే ఉన్నారక్కా. ఒకడి కాలికి పుండు, గుడ్డ కట్టుకున్నాడు. బ్రహ్మయ్య మామ తలకు పోసుకుని తడి పంచెతో వచ్చాడు. కొడుకులిద్దరూ వెనక నిలబడ్డారు. మా ఆయన పీర్ల మీద చెయ్యి వెయ్యబోతుంటే నేను మధ్యలోకి పోయి గట్టిగా చెప్పా: "నేను బయట చేరి మూడు రోజులయింది. ఎవరికీ చెప్పలా. నిన్న సావిడిలోకి పోయి ఊదు వేశా. పీర్లను ముట్టుకున్నా."

అంతమంది ఉన్నా ఊదు చిటపట వినిపించింది. పదేళ్ళ కాపరంలో మొదటిసారి మా ఆయన చెయ్యెత్తాడు. కొట్టలా. ఆ చెయ్యి అట్టాగే ఉంచి, "అబద్ధమని చెప్పు" అన్నాడు. నేను నేల చూశా. మా అత్త నా రోజులు నాకంటే బాగా లెక్క పెట్టే మనిషి, అది అబద్ధమని ఆమెకు తెలుసు. నా మొహంలోకి కాసేపు చూసి, "అవును, పోవడం నేనూ చూశా" అంది. ఎందుకు అట్టా అందో నేను అడగలా, నన్ను ఎందుకో ఆమె అడగలా.

అంతే. పీర్లకు ముసుగు కట్టి పెట్టెలో పెట్టారు. ఎవరూ ఏటికి పోలా. నేను గొడ్ల సావిట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వా. ఏడుపు కాదు, నవ్వే. ఇద్దరూ బతికారు, ఇద్దరూ బతికారు అని గేదెకు చెప్పా.

ఆ నవ్వు పొద్దుగూకే దాకా కూడా లేదు. బ్రహ్మయ్య మామ దగ్గర డబ్బు తిని నేను పీర్లను మైల పరిచానని నాకాలో మాట పుట్టింది. మామ భుజం మీదికి పీరు రాకుండా సాలారే నా చేత ఆ మాట చెప్పించాడని వాళ్ళ వీధిలో మాట పుట్టింది. రెండు వీధుల్లోనూ నమ్మారు. నేను ఊరికే చెప్పి ఉంటానని ఒక్కరన్నా అనుకోలేదు. చేసుకున్న ఒప్పందం ఎటు పోయిందో, దాని ఊసెత్తినోడు లేడు. మూడో రోజు బ్రహ్మయ్య మామ గడ్డివాము తగలబడింది. దాని నుంచి ఇల్లు అంటుకుంది. మామ తన భార్యను వీపున వేసుకుని బయటికొచ్చాడు. ఆయన చేతులు కాలినయ్, ఆ చేతులతో ఇక దేన్నీ ఎత్తలేడు. చిన్నకొడుకు ఏరు దాటి మీ క్యాంపుకు పోయాడు.

నిన్న మా ఆయన దూలం మీంచి ఖాకీ దించాడు. పెళ్ళాం పీర్లను అమ్ముకుందని నలుగురూ అంటుంటే వట్టి చొక్కాతో బయటికి పోలేనన్నాడు. బిగుతుగా లేదా అని అడిగా. గుండీలు పెట్టుకుంటా బయటికి పోయాడు. ఆయన పక్కన పడుకోవాలంటే భయమేస్తంది అక్కా. ఆయన మీద కాదు. నేను చేసినదాని మీద.

హమీదా


గురజాల
14 డిసెంబరు 1947

నా తల్లీ హమీదా,

నీ కాళ్ళకు దణ్ణం పెట్టాలి నేను. ఇద్దరూ బతికే ఉన్నారన్న మాట చదివి మోకరించి పెద్దగా ఏడిచా. మా అమ్మ కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

తర్వాత సంగతి రాస్తా. ఇది అంకయ్య తేడు. గాజుల మలారంతో పైరేవు మీదుగా దాటే హనుమాయమ్మ చేతికిస్తున్నా, ఆమెను ఎవరూ ఆపరు.

క్యాంపు వాళ్ళు ఆ రోజు చీకటి పడేదాకా తుంగలో కూచుని తిరిగొచ్చారు. ఎవరో కబురు పెట్టబట్టే పీర్లు రాలేదన్నారు. ఏరు దాటేది అంకయ్య ఒక్కడేగా. నీ ఉత్తరం నా చేతికిచ్చిన మర్నాడే అతని పుట్టులు మూడూ కోసేశారు. అతన్ని షెడ్డులో కట్టేసి, ఎవరికి చెప్పావురా అని అడిగారు. నాలుగు రోజులు. అంకయ్య నా పేరు చెప్పలేదే! ఉత్తరంలో ఏముందో అతనికి తెలీదు, ఉత్తరం మోశానని చెప్తే చాలు, వదిలేసేవాళ్ళు. చెప్పలా.

ఐదో రోజు నేనే పోయా. మా ఇశ్రాయేలు గుమ్మంలో కూచుని ఉన్నాడు. "నేను చెప్పానురా, హమీదాకు నేనే రాశా" అన్నా. ఎందుకన్నాడు. "దస్తగిరి అన్న పోతాడని" అన్నా. "పోతే?" అన్నాడు. గొంతు పెంచలా, కోపం లేదు. ఎత్తుకుని పెంచినదాన్ని, వాడి గొంతు నాకు కొత్తగా వినపడింది. అంకయ్యను వదిలారు. కుడి చేతి వేళ్ళు మూడు విరిగినయ్, తెడ్డు పట్టలేడు. నా పేరు బయటికి రానివ్వనని ఇశ్రాయేలు చెప్పి పంపాడు గానీ, ఇంటికి రావడం మానేశాడు.

ఇంకో మాట రాయాలి. రాయకుండా ఉంటే నీకెప్పటికీ తెలీదు. కానీ నువ్వు ఊరందరి ముందూ నీ మీద మైల వేసుకున్నాక, నేను దాచుకుని కూచోవడం పాపం.

నీ ఒప్పందం సంగతి వాళ్ళకు ఎవరో చెప్పారని రాశాగా. ఆ ఎవరో నేనే. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఇశ్రాయేలు అన్నానికొచ్చాడు. చూడరా, మనుషులు ఇంకా మనుషులే అని వాడికి చదివి వినిపించా. సంతోషం పట్టలేక చదివా. వాడు అన్నం ఆపి, ఎంతమంది వస్తారక్కా అన్నాడు. ఉత్తరం మళ్ళీ చూసి, నలభై అని చెప్పా. ఏ మలుపు అన్నాడు, అదీ చెప్పా. చెయ్యి కడుక్కుని పోయాడు. రెండు రోజుల తర్వాత అంకయ్య వచ్చి పుట్టుల సంగతి చెప్పేదాకా నాకు వెలగలా.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ రాయి. నీ అక్షరం చూడకుండా ఉండలేను.

నీ
జ్ఞానక్క


పెదరేవు
9 జనవరి 1948

జ్ఞానమ్మ గారికి,

మీ ఉత్తరం పోయిన నెలలోనే అందింది. హనుమాయమ్మ మళ్ళీ వచ్చి మా వాకిట్లో గాజులు పరిచి కూచుంది, లేచేలోపల నాలుగు ముక్కలు రాస్తున్నా.

మా ఆయనకు అంతా చెప్పేశా. నిజం తెలిస్తే ఖాకీ విప్పుతాడేమోనని ఆశపడి చెప్పా. నేను అబద్ధమాడానని తెలిసి ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత, "ముందే చెప్పుంటే ఆ తుంగలోనే అందర్నీ పండబెట్టేవాళ్ళం" అన్నాడు. అందులో మన ఇశ్రాయేలు ఉన్నాడయ్యా అన్నా. "ఉంటే?" అన్నాడు.

బ్రహ్మయ్య మామ కుటుంబంతో సహా ఊరు వదిలాడు. పోయే ముందు మా అత్త వాకిట్లోకి వచ్చి కాసేపు నిలబడ్డాడంట. ఆమె తలుపు తియ్యలా. భయమేసిందంట. అప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. మొన్న మీ ఒడ్డు నుంచి వచ్చి నాకా మీద కాల్పులు జరిపారు. కాలికి పుండున్నవాడు పోయాడు. వీళ్ళు రేపు ఎటు పోతారో నాకు తెలుసు. రాయను. రాస్తే ఎవరు చదువుతారో తెలీదు.

మా ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వు రాసిందే కదా అటు పోయింది? ఇంత చదువుకున్న పంతులమ్మ, తమ్ముడు క్యాంపులో ఉన్నాడని తెలిసి, మన లెక్క వాడికి ఊరికే చదివి వినిపించిందా?" అన్నాడు. మా అక్క సంగతి నీకు తెలీదు, నోరు ముయ్యమన్నా. ఇరవై రోజులయింది. ఆ ప్రశ్న ఆయన మర్చిపోయాడు, నేను మర్చిపోలేకపోతున్నా. పిండి కలుపుతున్నా అదే, నీళ్ళు తోడుతున్నా అదే.

అక్కా, వాడు ఎంతమంది అని అడిగినప్పుడు నీకు నిజంగా ఏమీ అనిపించలేదా?

అనిపించలేదని నువ్వు రాస్తావు. నేను నమ్మాలనే చూస్తా. నమ్మలేనేమోనని భయంగా ఉంది. జవాబు రాయమాక.

హమీదా